ఒకే ఆల్బమ్, నాలుగు మిక్స్‌లు: పాత ప్రోగ్ రాక్ సరౌండ్‌లో వేరుగా ఎందుకు వినిపిస్తుంది

పింక్ ఫ్లాయిడ్ బృందం 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ 1973లో వచ్చింది. ఆ ఒక్క ఆల్బమే ఇవాళ నాలుగు రకాలుగా దొరుకుతోంది. అప్పటి స్టీరియో ఒకటి. అదే ఏడాది ఇంజినీరు అలన్ పార్సన్స్ చేసిన క్వాడ్ మిక్స్, అంటే నాలుగు స్పీకర్లది, రెండోది. 2003లో ఇంకో ఇంజినీరు జేమ్స్ గుత్రీ చేసిన 5.1, అంటే ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫర్‌ది, మూడోది. 2023లో మళ్లీ గుత్రీయే చేసిన డాల్బీ అట్మాస్, అంటే పై నుంచి కూడా శబ్దం వినిపించేది, నాలుగోది. పాటలు అవే, గొంతులు అవే, మూలంలో ఉన్న టేపులూ అవే. వింటే మాత్రం దేని తీరు దానిదే.

కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్, జెనెసిస్, జెంటిల్ జయంట్ లాంటి 1970ల ప్రోగ్రెసివ్ రాక్ (ప్రోగ్ రాక్) బృందాల ఆల్బమ్‌లు చాలావాటికి ఇప్పుడు సరౌండ్ మిక్స్‌లు, అంటే శబ్దాన్ని వినేవాళ్ల చుట్టూ పరిచినవి, ఉన్నాయి. మొన్నమొన్నటి దాకా ఇవి విదేశాల నుంచి డిస్కులు తెప్పించుకునేవాళ్లకే అందేవి. 2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్ అట్మాస్ మొదలుపెట్టాక ఫోన్లలోనూ ఎదురవుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో పింక్ ఫ్లాయిడ్ పాంపే కచేరీ సినిమా సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ కొత్త మిక్స్‌తో మళ్లీ థియేటర్లకు రావడంతో ఈ చర్చ ఇంకాస్త పెరిగింది. దాంతోపాటు అయోమయమూ పెరిగింది. ఫోన్‌లో అట్మాస్ అని కనిపిస్తే అది నిజంగా సరౌండేనా? కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఐదు స్పీకర్ల సెట్టులో సినిమా దద్దరిల్లుతుంది కానీ ఈ పాటలు పలచగా ఎందుకు మోగుతాయి? రీమాస్టర్ కొంటే సరిపోదా? ఈ చివరి ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు

స్టూడియోలో డ్రమ్స్, బాస్, గిటార్, కీబోర్డు, గొంతు వేటికవి విడిగా, ఒకే వెడల్పాటి టేపు మీద పక్కపక్క పట్టీల్లో రికార్డవుతాయి. ఒక్కో పట్టీ ఒక్కో ట్రాకు. 1969లో లండన్‌లో 8 ట్రాకులు దొరికితే గొప్ప. 1972 కల్లా పెద్ద స్టూడియోల్లో 16 వచ్చాయి, ఇంకొన్నేళ్లకు 24. ఈ ట్రాకుల్లో ఏది ఎంత గట్టిగా ఉండాలి, ఏది ఎడమన, ఏది కుడిన, దేనికి ఎంత ప్రతిధ్వని ఇవ్వాలి అని తేల్చుకుని రెండు చానళ్లలోకి దించడమే మిక్సింగ్. అలా తయారైన స్టీరియో టేపును రికార్డుకో సీడీకో తగ్గట్టు చివరగా సర్దడం మాస్టరింగ్.

రీమాస్టర్ చేసేవాళ్ల చేతిలో ఉండేది ఆ రెండు చానళ్ల టేపే. ట్రెబుల్ పెంచొచ్చు, హిస్ (టేపు బుస) తగ్గించొచ్చు, మొత్తం శబ్దాన్ని పైకి లేపొచ్చు. గొంతులో కలిసిపోయిన గిటార్‌ను విడదీయడం వాళ్ల పని కాదు. రీమిక్స్ చేసేవాళ్లు మల్టీట్రాక్ టేపు దాకా వెనక్కి వెళ్లి పాత నిర్ణయాలన్నిటినీ మళ్లీ తీసుకుంటారు. వాయిద్యాలను గది చుట్టూ కూర్చోబెట్టాలంటే అవి ముందు విడివిడిగా చేతికి రావాలి కాబట్టి, అసలైన సరౌండ్ ఎప్పుడూ రీమిక్సే.

ఇందులో కష్టం ఎక్కడుందో బయటివాళ్లకు వెంటనే తట్టదు. మల్టీట్రాక్ టేపు మీద ఉండేది పచ్చి రికార్డింగు. రికార్డు మీద మనం విన్న ఎకోలు, ఫేడ్‌లు, ఒక గొంతు ఎడమ నుంచి కుడికి జరగడం, ఇవన్నీ మిక్స్ చేసిన రోజు మిక్సింగ్ బల్ల దగ్గర చేసినవి. మల్టీట్రాక్‌లో వాటి ఆనవాలు ఉండదు. పైగా ఈ బృందాలు పొడుగాటి పాటను ముక్కలుగా వాయించి, టేపును బ్లేడుతో కోసి అతికించేవి. కొత్తగా మిక్స్ చేసేవాళ్లు ఆ అతుకులన్నీ మళ్లీ వేసుకోవాలి. అందుకే పోర్క్యుపైన్ ట్రీ బృందం నడిపే స్టీవెన్ విల్సన్ ముందు పాత స్టీరియో మిక్స్‌ను పక్కన పెట్టుకుని, దానికీ దీనికీ మార్చి మార్చి వింటూ, మల్టీట్రాక్ నుంచి దాన్నే వీలైనంత అచ్చంగా తిరిగి కడతారు. అది కుదిరాకే చుట్టూ పరచడం. ఈ పద్ధతిలో జెత్రో టల్ 'ఆక్వాలంగ్' 2011లో, యెస్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' 2013లో కొత్త మిక్స్‌లతో వచ్చాయి. మొదటి మెట్టు సరిగా వేయని రీమిక్స్‌ను పాత అభిమాని పది సెకన్లలో పట్టేస్తాడు. ఎక్కడో ఒక ఎకో తగ్గి ఉంటుంది, లేదా ఫేడ్ కావాల్సిన చోట గిటార్ ఇంకా మోగుతూ ఉంటుంది.

ఎనిమిది ట్రాకులు నిండిపోతే

టేపు దొరికినంత మాత్రాన పని తేలిక కాదు, ఏ టేపు దొరికిందన్నది ముఖ్యం. ఒక ఉదాహరణ వేసుకుందాం. 8 ట్రాకుల టేపు మీద డ్రమ్స్‌కి 3, బాస్‌కి 1, గిటార్‌కి 1, మెలోట్రాన్‌కి (టేపు మీది స్వరాలను వాయించే కీబోర్డు) 2, శాక్సోఫోన్‌కి 1 వాడారు. టేపు నిండింది, గొంతు ఇంకా పాడనే లేదు. అప్పుడు ఇంకో 8 ట్రాకుల మెషీన్ పెట్టి, డ్రమ్సూ బాసూ కలిపి ఒక ట్రాకులోకి, మెలోట్రాన్ రెండూ కలిపి ఇంకోదాన్లోకి, గిటార్, శాక్సోఫోన్ చెరొకదాన్లోకి దించుతారు. కొత్త టేపు మీద 4 నిండి 4 ఖాళీ అయ్యాయి. గొంతులకు, ఇంకో గిటార్‌కు చోటు దొరికింది. దీన్నే బౌన్స్ చేయడం అంటారు.

నలభై ఏళ్ల తర్వాత రీమిక్స్‌కి కూర్చున్నవాళ్ల దగ్గర రెండో టేపు ఒక్కటే ఉంటే డ్రమ్సూ బాసూ అంటుకుపోయి ఉంటాయి. ఆ మూట గదిలో ఒకే చోట మోగుతుంది. పైగా ప్రతి కాపీకీ హిస్ కొంత పెరిగి, పై స్వరాల మెరుపు కొంత తగ్గుతుంది. మొదటి టేపు కూడా దొరికిందంటే రెండిటినీ కంప్యూటర్లో పక్కపక్కన పేర్చొచ్చు. కాకపోతే రెండు టేపు మెషీన్లు ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవు. పాట మొదట్లో కలిసిన డ్రమ్ దెబ్బ చివరికొచ్చేసరికి పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి ముక్కముక్కగా జరిపి సరిచూసుకోవాలి.

కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్' 1969లో లండన్ వెసెక్స్ స్టూడియోలో 8 ట్రాకుల మీదే రికార్డయింది. 2009లో విల్సన్, ఆ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కలిసి 5.1 చేసినప్పుడు బౌన్స్‌కి ముందు తరం టేపులు ఉపయోగపడ్డాయి. ఆ ఆల్బమ్‌లో మెలోట్రాన్ పొరలు అంత విడివిడిగా వినిపించడానికి సరౌండ్ ఎంత కారణమో, ఒక తరం వెనక్కి వెళ్లడం కూడా అంతే కారణం. స్పీకర్లు లేకపోయినా ఆ కొత్త స్టీరియో మిక్స్ ఒక్కటి విన్నా తేడా తెలుస్తుంది.

టేపే దొరక్కపోతే

అప్పుడు మిగిలేది అప్‌మిక్స్. స్టీరియో మిక్స్‌లో ఏ శబ్దం ఎడమకు ఎంత, కుడికి ఎంత ఉందో లెక్కకట్టి, దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ దాన్ని ఐదు స్పీకర్లకు పంచుతుంది. జెంటిల్ జయంట్ 'ఆక్టోపస్' 2015లో సరౌండ్‌లో వచ్చినప్పుడు కొన్ని పాటల మల్టీట్రాక్‌లు దొరకలేదు. వాటిని పెంటియో అనే అప్‌మిక్స్ పద్ధతితో చేశారు. వరసగా వింటే అసలు సరౌండ్ పాటకీ దీనికీ తేడా పోల్చుకోవచ్చు. అప్‌మిక్స్‌లో శబ్దం వెనక్కి విస్తరిస్తుందే తప్ప, ఒక వాయిద్యం ఒక మూలలో గట్టిగా కుదురుకుని నిలవదు. మధ్యలో ఒకే చోట కలిసి ఉన్న గొంతు, బాస్, డ్రమ్స్ కలిసే ఉంటాయి.

ఇప్పుడు ఏఐ ఇంకో అడుగు వేసింది. అంటుకుపోయిన రికార్డింగులోంచి వాయిద్యాలను విడదీసే సాఫ్ట్‌వేర్‌తో 2022లో బీటిల్స్ 'రివాల్వర్'ను నిర్మాత జైల్స్ మార్టిన్ రీమిక్స్ చేశారు. అక్కడ వాడింది సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన పరిజ్ఞానం. ఇదే మార్గం పాత ప్రోగ్ రికార్డింగులకూ తెరుచుకుంది. డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత, గొంతు చివర ఊపిరి, ప్రతిధ్వని తోక లాంటి చోట్ల మాత్రం ఇలా విడదీసిన శబ్దం నీళ్లలోంచి వస్తున్నట్టు వణుకుతుంది. ఐదు స్పీకర్లూ కలిసి మోగినప్పుడు అది కప్పబడిపోతుంది. వెనక స్పీకర్ దగ్గర చెవి పెడితే బయటపడుతుంది.

క్వాడ్, 5.1, అట్మాస్

సరౌండ్ సీడీల కాలంలో పుట్టింది కాదు. పింక్ ఫ్లాయిడ్ 1967లోనే లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో అజిమత్ కోఆర్డినేటర్ అనే పరికరంతో శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పింది. 1970ల మొదట్లో ఇళ్లకు క్వాడ్ వచ్చింది. ముందు రెండు, వెనక రెండు, నాలుగు మూలల నాలుగు స్పీకర్లు. ఎల్పీ గాడిలో పట్టేది రెండు చానళ్లే కాబట్టి ఎస్‌క్యూ, క్యూఎస్ పద్ధతుల్లో నాలుగింటినీ రెండుగా మడిచి, ఇంట్లో డీకోడర్‌తో మళ్లీ విప్పేవాళ్లు. విప్పినప్పుడు ముందు శబ్దం వెనక్కి, వెనకది ముందుకి కారిపోయేది. సీడీ-4 అనే ఇంకో పద్ధతిలో 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగం మీద అదనపు సమాచారం ఎక్కించేవాళ్లు. దానికి 45 కిలోహెర్ట్జ్ దాకా చదవగల సూది కావాలి, రికార్డు అరిగితే ఆ భాగమే ముందు పోయేది. మిక్స్‌లు మంచివే, వాటిని ఇంటికి చేర్చే సాధనమే నిలబడలేదు. అవే క్వాడ్ టేపులు ఇవాళ డిజిటల్‌లో ఏ కారుడూ లేకుండా దొరుకుతున్నాయి. పార్సన్స్ క్వాడ్ మిక్స్ కూడా 2011లో అలాగే బయటికొచ్చింది.

5.1లో ముందు ఎడమ, మధ్య, కుడి, పక్కల కాస్త వెనగ్గా రెండు, లోతైన శబ్దానికి ఒక విడి చానల్. 1999లో ఎస్‌ఏసీడీ, 2000లో డీవీడీ-ఆడియో, తర్వాత బ్లూ-రే డిస్కులు దీన్ని నాణ్యత తగ్గకుండా మోశాయి. అట్మాస్‌లో పద్ధతే మారింది. ఫలానా శబ్దం ఫలానా స్పీకర్‌కి అని రాయరు. గదిలో ఫలానా చోట ఉండాలి అని స్థానం రాస్తారు. చానళ్లూ ఈ కదిలే శబ్దాలూ కలిపి 128 దాకా ఉండొచ్చు. ఇంట్లో ఉన్న స్పీకర్ల లెక్కను బట్టి వాటిని ఎక్కడ మోగించాలో రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫయర్ పెట్టె) అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో వింటే అదే సమాచారాన్ని సగటు తల, సగటు చెవి కొలతలతో రెండు చానళ్లుగా మారుస్తారు. మీ చెవి ఆ సగటుకు దగ్గరగా ఉంటే శబ్దం తల వెలుపల నిలబడుతుంది. లేకపోతే కాస్త ప్రతిధ్వని కలిపిన స్టీరియోలా ఉంటుంది. ఫోన్‌లో అట్మాస్ అని రాసి ఉండటం అబద్ధం కాదు. ఇయర్‌ఫోన్‌లో విని ఆ మిక్స్ మీద తీర్పు చెప్పడం మాత్రం తొందరపాటు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. క్వాడ్ మిక్స్ పెట్టినప్పుడు మధ్య స్పీకర్, సబ్‌వూఫర్ చానల్ ఖాళీగా ఉంటాయి. సెట్టు చెడిపోయిందని మెకానిక్‌ను పిలవనక్కర్లేదు, అది నాలుగు చానళ్ల మిక్స్.

ఈ సంగీతానికే ఎందుకు?

ప్రోగ్ రాక్‌లో ఒకేసారి చాలా జరుగుతుంది. రెండు కీబోర్డులు, వాటి మధ్య బాస్ తన దారిన తాను, మీద మూడు గొంతులు. ఒకే దిక్కు నుంచి వచ్చే రెండు శబ్దాలు ఒకే శ్రుతి ప్రాంతంలో ఉంటే గట్టిది మెత్తనిదాన్ని మింగేస్తుంది. దిక్కులు వేరైతే అంతే గట్టిదనంలోనూ చెవి రెండిటినీ పట్టుకుంటుంది. రెండు స్పీకర్లలో మెత్తనివాటిని వినిపించడానికి స్టూడియోలో ఎన్నో తంటాలు పడాలి. చుట్టూ చోటు ఉంటే ఆ అవసరం తగ్గుతుంది.

'క్లోజ్ టు ది ఎడ్జ్' టైటిల్ పాటే తీసుకోండి. 18 నిమిషాలు దాటి, రికార్డు ఒక వైపంతా ఆక్రమించే పాట. నీళ్ల చప్పుడు, పిట్టల కూతలతో మొదలై, ఒక్కసారిగా బృందమంతా విరుచుకుపడుతుంది. మధ్యలో అంతా సద్దుమణిగి, రిక్ వేక్‌మన్ వాయించిన పైప్ ఆర్గన్ లేస్తుంది. దాన్ని స్టూడియోలో కాదు, లండన్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలో రికార్డు చేశారు. అంటే ఆ శబ్దంలో చర్చి కూడా ఉంది. స్టీరియోలో ఆ చర్చి మొత్తం మీ ముందున్న రెండు పెట్టెల మధ్య దూరంలో ఇమడాలి. సరౌండ్‌లో చర్చి గోడలకు మీ గది గోడల దాకా చోటుంటుంది. సరౌండ్ ఎందుకు అని అడిగేవాళ్లకు వినిపించాల్సింది ఈ ఘట్టమే. గింగిరాలు తిరిగే శబ్దాల కన్నా ఇదే నిలిచి ఉంటుంది.

గింగిరాలు తిరిగేవాటికీ ఒక చరిత్ర ఉంది. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాట మొదట్లో వచ్చే నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ మోత, ఇవన్నీ టేపు ముక్కలు కోసి అతికించిన ఏడు మాత్రల చుట్టు (లూప్). క్వాడ్ కోసం దాన్ని నాలుగు ట్రాకులకు మార్చి, చప్పుళ్లు గది చుట్టూ నడిచేలా చేశారు. 'టైమ్' పాట గడియారాలను పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేసుకొచ్చింది కూడా క్వాడ్ పరీక్ష కోసమే. ఈ రెండు చోట్లా సరౌండ్ తర్వాత తగిలించిన అలంకారం కాదు, పుట్టుకలోనే ఉంది.

థియేటర్ డీటీఎస్ ఒక రకం, ఇది ఇంకో రకం

హైదరాబాదీలకు సరౌండ్ అంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ల డీటీఎస్ గుర్తొస్తుంది. అక్కడ మాటలు తెర వెనక మధ్య స్పీకర్లోంచి, సంగీతం పక్కలకు, గోడల పొడవునా వరసగా ఉన్న స్పీకర్లన్నిటిలోంచీ వాన, జనం, పేలుళ్లు. వెనక నుంచి వచ్చేది వాతావరణం. హోమ్ థియేటర్ సెట్టులన్నీ ఈ లెక్కతోనే తయారవుతాయి. ముందు కాస్త పెద్ద స్పీకర్లు, వెనక అరచేతిలో పట్టే బుల్లి పెట్టెలు.

సంగీతపు 5.1లో వెనక స్పీకర్‌లోంచి పూర్తి గిటార్ రావచ్చు, మధ్యదాంట్లోంచి గొంతు ఒక్కటే రావచ్చు. ఐదూ సమానమే. సినిమాలు బాగున్నా పాటలు పలచగా మోగడానికి కారణం ఇది. మూడంగుళాల కోన్ ఉన్న చిన్న స్పీకర్ 150 హెర్ట్జ్ కిందకి దాదాపు పలకదు. రిసీవర్‌లో దాన్ని 'లార్జ్' అని పెడితే ఆ కింది శబ్దం అంతా దానికే వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ప్రోగ్ మిక్స్‌లలో బాస్ గిటార్ సబ్‌వూఫర్ చానల్‌లో కాక ముందు స్పీకర్లలోనే ఉండటం సాధారణం, కాబట్టి సబ్‌వూఫర్ ఉలకదు పలకదు. స్పీకర్లన్నిటినీ 'స్మాల్' అని పెట్టి, ఓ మోస్తరు పెట్టెలకు 80 హెర్ట్జ్, బుల్లివాటికి 120 నుంచి 150 దగ్గర విభజన (క్రాసోవర్) పెడితే బాస్ సబ్‌వూఫర్‌కి మళ్లుతుంది. 150కి వెళ్తే శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది కనుక సబ్‌వూఫర్‌ను ముందు స్పీకర్ల మధ్యే ఉంచాలి.

12 అడుగుల హాల్లో లెక్క

కూకట్‌పల్లిలో 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న హాలు అనుకుందాం. ముందు స్పీకర్లు గోడకు 2 అడుగులు ఇవతల, ఒకదానికొకటి 7 అడుగుల ఎడంలో పెడితే, వినేవాళ్లు రెండిటికీ 7 అడుగుల దూరంలో కూర్చోవాలి. అంటే కుర్చీ ముందు గోడకు సుమారు 8 అడుగుల దూరంలో, వెనక 6 అడుగులు ఖాళీతో ఉంటుంది. ఇలా కూర్చుంటే ముందు స్పీకర్లు మధ్య గీతకు 30 డిగ్రీల కోణంలో ఉంటాయి. పక్క స్పీకర్లు 110 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ గదిలో అది పక్క గోడల దగ్గర, కుర్చీ కన్నా 2 అడుగులు వెనక. వెనక గోడ మూలల్లో కాదు. దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు అలవాటుగా మేకులు కొట్టేది ఆ మూలల్లోనే.

పక్క స్పీకర్ల దూరం ఇప్పుడు సుమారు 5.9 అడుగులు, ముందువి 7. తేడా అడుగు పైచిలుకు. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 1.13 అడుగులు పోతుంది కాబట్టి పక్క శబ్దం ఒక మిల్లీసెకను ముందే చేరి, ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువగా ఉంటుంది. రిసీవర్‌లో దూరాలు సరిగా కొట్టి, టెస్ట్ టోన్‌తో ఐదు స్పీకర్లనూ కుర్చీ దగ్గర ఒకే మట్టానికి తెస్తే ఈ తేడా పోతుంది. ఇదే సోఫాలో కుడివైపు 3 అడుగులు జరిగి కూర్చున్నవాళ్ల సంగతి చూడండి. వాళ్లకు కుడి పక్క స్పీకర్ 3.2 అడుగులు, ఎడమది 8.7. తేడా 5 మిల్లీసెకన్లు, 8 డెసిబెల్‌లకు పైనే. ముందు చేరిన శబ్దం వైపే చెవి మొగ్గుతుంది కాబట్టి ఎడమ వెనక గిటార్ వాళ్లకు లేనట్టే. ఈ మిక్స్‌లకు ఇంట్లో ఒక్క మంచి కుర్చీయే ఉంటుంది, మిగతావాళ్లు వంతులేసుకోవాల్సిందే.

సోఫా వెనక గోడకు ఆనించి ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. 14 అడుగుల పొడవుకి గది సొంత మోత 40 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, బాస్ గిటార్ అట్టడుగు తీగ 41. గోడకు ఆనుకున్నవాళ్లకు ఆ స్వరం ఉబ్బి తక్కినవాటిని కప్పేస్తుంది, గది నడుమ కూర్చున్నవాళ్లకు అది దాదాపు మాయమవుతుంది. సోఫాను రెండడుగులు ముందుకు లాగినా ఉబ్బు తగ్గుతుంది. సబ్‌వూఫర్‌కి చోటు వెతకడానికి దాన్ని తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ పాట ఒకటి తిప్పుతూ, గది అంచుల వెంట చెవిని నేలకు దగ్గరగా ఉంచి తిరగండి. స్వరాలన్నీ సమానంగా వినిపించిన చోటే దాని స్థానం.

మన ఫ్లాటుల్లో నేల విట్రిఫైడ్ టైల్స్, పైన సిమెంటు స్లాబు, పక్కల పుట్టీ పట్టిన గోడలు. హాల్లో చప్పట్లు కొడితే టర్‌ర్ మని మోత సాగిందంటే వెనక గిటార్ ఎక్కడుందో తెలియనంతగా శబ్దం చెదురుతోందని అర్థం. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందపాటి కార్పెట్, కిటికీలకు బరువైన పరదాలు, ఒక గోడకు పుస్తకాలు నిండిన అలమర చాలావరకు ఆదుకుంటాయి. అట్మాస్ కోసం పైకి మోగే స్పీకర్లు కొనేవాళ్లకు చదునైన స్లాబు కలిసొచ్చేదే, కానీ శబ్దం తగిలి రావాల్సిన దారిలో సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. తిరుగుతుంటే శబ్దాన్ని తరుగుతుంది, దాని సొంత గాలి చప్పుడు మెత్తని ఘట్టాలను మింగుతుంది. జిప్సం ఫాల్స్ సీలింగ్‌లో స్పీకర్లు బిగించేవాళ్లు బోర్డును ఫ్రేముకు దగ్గర దగ్గరగా స్క్రూలు వేయించకపోతే కింది స్వరాలకు అదే గిలగిలలాడుతుంది.

చానళ్లు దారిలో పోయే చోట్లు

96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల 5.1 సంగీతానికి లెక్క ఇది: 96,000 × 24 × 6 = సెకనుకు 1 కోటి 38 లక్షల 24 వేల బిట్లు. డీవీడీ-ఆడియో మోయగలిగేది 96 లక్షలే. అందుకే ఎంఎల్‌పీ అనే, ఏదీ పోకుండా కుదించే పద్ధతి వాడారు. మామూలు డీవీడీ మీది డీటీఎస్ 15 లక్షలు, అది కొంత సమాచారం వదిలేసి కుదించినది. స్ట్రీమింగ్ అట్మాస్ గరిష్ఠం 7 లక్షల 68 వేలు, అంటే పై లెక్కలో పద్దెనిమిదో వంతు. వినడానికి అంత తేడా ఉండదు, ఎందుకంటే కుదింపు తెలివైనది. సింబల్స్ మోతలో, చర్చి ప్రతిధ్వని చివర్లలో మాత్రం బ్లూ-రే నెగ్గుతుంది.

చాలాసార్లు పాట మోగుతూనే ఉంటుంది, సరౌండ్ మాత్రం ఉండదు. డీవీడీ-ఆడియో డిస్కును సాదా బ్లూ-రే ప్లేయర్లో వేస్తే అందులోని మంచి భాగాన్ని అది గుర్తించదు, పక్కనున్న డీటీఎస్‌ను వాయిస్తుంది. ఆప్టికల్ కేబుల్ గుండా కుదించని శబ్దం రెండు చానళ్లే పోతుంది, ఐదూ కావాలంటే హెచ్‌డీఎంఐ ఉండాలి. ప్లేయర్‌ను టీవీకి పెట్టి అక్కడి నుంచి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవర్‌కి తెస్తే బ్లూ-రే నాణ్యత దారిలోనే తగ్గుతుంది. దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ ఉన్న టీవీ కావాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలపాలి. కంప్యూటర్ నుంచి వినేవాళ్లు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్లను 5.1 అని పెట్టకపోతే ఆరు చానళ్లనూ రెండుగా మడిచి పంపుతుంది. వెనక గిటార్లు ముందుకొచ్చి గొంతు మీద కూర్చుంటాయి. వినేవాళ్లు తప్పు మిక్స్‌దనుకుంటారు.

రిసీవర్ తెర మీద వస్తున్న చానళ్లు ఎన్నో చూపించే చోటు ఉంటుంది, ముందు దాన్ని చూడండి. తర్వాత నైట్ మోడ్, మూవీ మోడ్ ఆపేయండి. నైట్ మోడ్ మెత్తనివాటిని లేపి గట్టివాటిని అణుస్తుంది. పిట్టల కూత నుంచి బృందం విరుచుకుపడే దాకా ఉన్న ఎత్తుపల్లాలన్నీ చదునవుతాయి.

ముట్టుకోవచ్చా, కూడదా

ఒక పక్షం వాదన బలమైనదే. 1972లో బృందం, నిర్మాత, ఇంజినీరు కూర్చుని ఒప్పుకున్న స్టీరియో మిక్సే కృతి. గిటార్ గొంతు కింద నలిగిందంటే అదీ ఆ కృతిలో భాగమే. యాభై ఏళ్ల తర్వాత వచ్చి విడదీసి కడిగితే ఆ ఒత్తిడి, ఆ మసక పోతాయి. పైగా బృందం మధ్యలో కూర్చుని వినడం ఏ కచేరీలోనూ జరగదు.

రెండో పక్షం అంటుంది: ఆ స్టీరియో కూడా ఆనాటి కొద్దిపాటి ట్రాకుల, రెండు చానళ్ల ఇరుకులో చేసిన రాజీయే. చుట్టూ వినిపించాలన్న కోరిక ఆనాడే ఉందనడానికి క్వాడ్ టేపులే సాక్ష్యం. కింగ్ క్రిమ్సన్ రీమిక్స్‌ల్లో ఫ్రిప్ స్వయంగా పాలుపంచుకున్నారు.

సి.పి. బ్రౌన్ కావ్యాలకు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాంతరాలు సరిచూయించి శుద్ధప్రతులు రాయించినప్పుడు ఏ తాటాకునూ తగలబెట్టలేదు. రీమిక్స్‌ను కూడా అలాంటి పరిష్కరణగా చూడటమే సమంజసం. పాత ప్రతి అందుబాటులో ఉన్నంత వరకు కొత్త పాఠం వల్ల నష్టం లేదు. చాలా సెట్లలో కొత్త మిక్స్‌తో పాటు అసలు స్టీరియోను కూడా ఏ మార్పూ లేకుండా ఇస్తున్నారు. స్ట్రీమింగ్‌లో పరిస్థితి వేరు. ఫోన్ సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే, తగిన హెడ్‌ఫోన్ తగిలించగానే మీరు అడక్కుండానే అట్మాస్ మోగుతుంది. అసలుది ఏమిటో ఎప్పుడూ వినని కుర్రాడికి అదే అసలు అవుతుంది. మొదటి పక్షం ఆందోళనకు నిజమైన ఆధారం ఇక్కడుంది.

పరిష్కర్తల మధ్యా తేడాలుంటాయి. 'డార్క్ సైడ్' 5.1లో గుత్రీ అసలు స్టీరియోకు మరీ కట్టుబడ్డారేమో అని పార్సన్స్ అభిప్రాయపడ్డారు. క్వాడ్‌లో ఆయన శబ్దాలను మూలలకు నిస్సంకోచంగా పంపారు. ఇద్దరి చేతికీ వచ్చింది ఒకే సంగీతం, రెండూ వినదగ్గవే. నా మటుకు 'మనీ'కి పార్సన్స్ దారి, నెమ్మదిగా సాగే పాటలకు గుత్రీ దారి నచ్చుతాయి.

పోల్చి వినాలనుకుంటే మట్టం సరిచేయకుండా మొదలుపెట్టొద్దు. స్ట్రీమింగ్ అట్మాస్ సగటు గట్టిదనం -18 ఎల్‌కేఎఫ్‌ఎస్ (గట్టిదనాన్ని డెసిబెల్ మెట్లలో కొలిచే కొలమానం) దాటకూడదని నిబంధన. గట్టిగా మాస్టర్ చేసిన స్టీరియో సీడీ -10 దగ్గర ఉందనుకుంటే తేడా 8 డెసిబెల్‌లు. మార్చగానే అట్మాస్ నీరసంగా అనిపించడానికి అదొక్కటే చాలు. వాల్యూమ్ అర డెసిబెల్ చొప్పున మారే రిసీవర్లో అది 16 మెట్లు. పెంచి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌ను కుర్చీ దగ్గర పెట్టి, రెండు మిక్స్‌ల్లోనూ పాటలో ఒకే ఘట్టానికి అంకె కలిసిందో లేదో చూసుకుని, అప్పుడు వినడం మొదలుపెట్టండి.